కాంతిని దాటని కబురు

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో డాన్యూబ్ నది అడుగున మురుగునీటి సొరంగం ఒకటి ఉంది. 2004లో ఆంటన్ జైలింగర్ బృందం ఆ సొరంగం గుండా 800 మీటర్ల ఆప్టికల్ ఫైబర్ లాగి, ఒక ఫోటాన్ (కాంతి కణం) స్థితిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు టెలిపోర్ట్ చేసింది. టెలిపోర్టేషన్ అనగానే రెప్పపాటు కూడా పట్టని పని అనుకుంటాం. కానీ ఈ ఒడ్డున చేసిన కొలత ఫలితం తెలిస్తే తప్ప, ఆ ఒడ్డున ఉన్న ఫోటాన్‌ను సరైన స్థితికి తేలేరు. ఆ ఫలితాన్ని నది మీదుగా మామూలు మైక్రోవేవ్ రేడియోలో పంపారు. గాజు ఫైబర్‌లో కాంతి శూన్యంలోని వేగంలో మూడింట రెండొంతులతోనే నడుస్తుంది. గాలిలో రేడియో తరంగానికి ఆ అడ్డు లేదు. అందుకని రేడియో కబురే సుమారు ఒకటిన్నర మైక్రోసెకను ముందు చేరింది. అది అందాక, ఫోటాన్ వచ్చేలోపు దాన్ని సరిదిద్దే ఏర్పాటు సిద్ధమైపోయింది.

క్వాంటమ్ కమ్యూనికేషన్ అంటే కాంతికన్నా వేగంగా కబురు పంపడమని చాలా చోట్ల రాస్తుంటారు, చెబుతుంటారు. అది తప్పు. కాంతి వేగాన్ని దాటనివ్వని నియమాలే ఈ విద్యకు ప్రాణం. అవి లేకపోతే ఇందులో రహస్యమనేదే నిలవదు. ఈ విశేషాలన్నీ ఆ మాట చుట్టూ తిరిగేవే.

దశాంశాలు లేని అంకె

శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. దీని వెనక దశాంశాలేమీ లేవు. 1983 నుంచి మీటరునే కాంతితో నిర్వచిస్తున్నారు: ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో కాంతి నడిచే దూరమే మీటరు. కాబట్టి ఇకముందు ఎవరైనా కాంతి వేగాన్ని ఇంకా సూక్ష్మంగా కొలిస్తే ఈ అంకె మారదు, మీటరు పొడవు మరింత కచ్చితంగా తెలుస్తుంది.

కాంతికి వేగమంటూ ఒకటి ఉందని మొదట పట్టిచ్చింది గురుగ్రహపు ఉపగ్రహం అయో. 1676లో పారిస్ అబ్జర్వేటరీలో పనిచేస్తున్న డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త ఓలే రోమర్, నవంబరులో జరగబోయే అయో గ్రహణం లెక్క ప్రకారం కన్నా 10 నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుందని ముందే చెప్పాడు. చెప్పినట్టే జరిగింది. అయో ఆలస్యం చేయలేదు. భూమి దూరం జరగడంతో కాంతికి ఎక్కువ దారి పడింది, అంతే.

ముప్పై సెంటీమీటర్ల తీగ

అమెరికా నౌకాదళంలో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ తన ఉపన్యాసాలకు వచ్చినవాళ్లకు దాదాపు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పంచేవారు. ఒక నానోసెకనులో కాంతి వెళ్లగలిగే దూరం అది. ఉపగ్రహం ద్వారా కబురు పంపడానికి అంత సేపెందుకని అధికారులు అడిగితే, ఇక్కడికీ అక్కడికీ మధ్య ఇలాంటి ముక్కలు ఎన్ని పడతాయో చూసుకోమనేవారు. నాకు తెలిసి కాంతి వేగం గురించి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

2014 సెప్టెంబరు 24 ఉదయం మంగళయాన్ కుజుడి కక్ష్యలోకి వెళ్తున్నప్పుడు, ఇంజన్ మండిందన్న కబురు భూమికి చేరడానికి 12 నిమిషాలకు పైగా పట్టింది. బెంగళూరు నియంత్రణ కేంద్రంలో కూర్చున్నవాళ్లు అప్పటికప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. చేయాల్సినవన్నీ ముందుగానే నౌకలోని కంప్యూటర్‌కు అప్పజెప్పారు. క్వాంటమ్ పరికరాలు ఎంత ముందుకు వెళ్లినా ఆ 12 నిమిషాల్లో ఒక్క సెకను కూడా తగ్గదు.

చంద్రుడి మీద పరుగెత్తే చుక్క

కాంతికన్నా వేగంగా కదిలేవి లేవా అంటే ఉన్నాయి. చాలా శక్తిమంతమైన లేజర్‌ను చంద్రుడి వైపు పెట్టి, మణికట్టు చటుక్కున తిప్పారనుకోండి. ఆ వెలుగు చుక్క 3,474 కిలోమీటర్ల చంద్రబింబాన్ని సెకనులో వందో వంతులో దాటేసిందంటే, దాని వేగం సెకనుకు 3,47,400 కిలోమీటర్లు. కాంతి వేగాన్ని మించిపోయింది. కానీ చంద్రుడి ఒక అంచున ఉన్న మనిషి ఆ చుక్క ద్వారా రెండో అంచున ఉన్న మనిషికి ఏ కబురూ పంపలేడు. చుక్క ఎక్కడెక్కడ పడాలో నిర్ణయించింది భూమి మీది చెయ్యి. కాంతి వేగాన్ని దాటకూడదన్న ఐన్‌స్టీన్ నియమం ఆపేది కబురును. ఒకచోట జరిగినది ఇంకోచోట జరగబోయేదాన్ని మార్చే ప్రభావాన్ని అది ఆపుతుంది. చుక్కలూ నీడలూ ఎంత వేగంగా కదిలినా దానికి అభ్యంతరం లేదు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే ముందున్నదంతా సులువు.

హద్దు అన్నది శూన్యంలోని కాంతి వేగమే. నీళ్లలో కాంతి సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లే వెళ్తుంది. అణు రియాక్టర్ నీటిలో ఎలక్ట్రాన్లు దాన్ని దాటిపోతాయి. అప్పుడు వచ్చే నీలి వెలుగుకు సోవియట్ శాస్త్రవేత్త పావెల్ చెరెన్‌కోవ్ పేరు పెట్టారు. 1999లో లీనా హౌ బృందం అతిశీతల సోడియం పరమాణువుల మేఘంలో కాంతిని సెకనుకు 17 మీటర్లకు తగ్గించింది. అంటే గంటకు 61 కిలోమీటర్లు.

ఐన్‌స్టీన్‌కు మింగుడుపడనిది

1935 మే నెలలో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ కలిసి నాలుగు పుటల వ్యాసం ప్రచురించారు. ఒకచోట పుట్టి విడిపోయిన రెండు కణాల్లో ఒకదాన్ని కొలిస్తే, ఎంతో దూరాన ఉన్న రెండోదాని సంగతి వెంటనే తేలిపోతుందని క్వాంటమ్ సిద్ధాంతం చెబుతుంది. కాబట్టి ఆ సిద్ధాంతం అసంపూర్ణమని వాళ్ల వాదన. అదే ఏడాది ష్రోడింగర్ ఈ బంధానికి పెట్టిన పేరే ఇప్పుడు ఎంటాంగిల్‌మెంట్‌గా చలామణీలో ఉంది. 1947లో మాక్స్ బోర్న్‌కు రాసిన ఉత్తరంలో ఐన్‌స్టీన్ దీన్ని దూరం నుంచి పనిచేసే దయ్యపు చేష్టగా వర్ణించాడు. ఆయన ఎత్తి చూపిన ఆ లోపమే నేడు ఒక పరిశ్రమకు పునాది అయింది.

మేజోళ్ల ప్రొఫెసర్

స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాలలో జాన్ బెల్ అనే ఉత్తర ఐర్లండ్ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన అసలు ఉద్యోగం కణ త్వరణ యంత్రాలకు, కణభౌతికానికి సంబంధించినది. ఆయన సహోద్యోగి రైన్‌హోల్డ్ బెర్ట్ల్‌మన్‌కు రెండు కాళ్లకూ వేర్వేరు రంగుల మేజోళ్లు తొడుక్కునే అలవాటు. ఒక కాలికి గులాబీ రంగు కనిపిస్తే రెండోది గులాబీ కాదని చూడకుండానే చెప్పేయవచ్చు. అందులో వింతేమీ లేదు. రంగులు పొద్దున తొడుక్కున్నప్పుడే ఖాయమైపోయాయి. ఫోటాన్ల సంగతి కూడా ఇంతేనా, వాటి జవాబులు పుట్టినప్పుడే ఖాయమైపోతాయా అని బెల్ అడిగాడు. 1964లో, తర్వాత కొన్నేళ్లకే మూతపడిన ఒక చిన్న పత్రికలో, దీన్ని ప్రయోగంతో తేల్చవచ్చని నిరూపించాడు.

1969లో క్లౌజర్, హోర్న్, షిమొనీ, హోల్ట్ ఈ నిరూపణను ప్రయోగానికి అందేలా మలిచారు. దాన్ని ఇప్పుడు ఒక ఆటగా చెబుతారు. ఇద్దరు ఆటగాళ్లను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ 0 లేదా 1 అని రాసిన చీటీ ఇస్తారు. ఇద్దరూ 0 అనో 1 అనో జవాబు చెప్పాలి. ఇద్దరికీ 1 చీటీయే వస్తే జవాబులు వేర్వేరుగా ఉండాలి. మిగతా మూడు సందర్భాల్లో ఒకటే కావాలి. గదుల్లోకి వెళ్లాక మాట్లాడుకోకూడదు. ముందుగా ఎంత పక్కా ఒప్పందం చేసుకున్నా సగటున వందకు 75 కన్నా ఎక్కువ గెలవలేరు. మేజోళ్ల లెక్క అక్కడితో ఆగిపోతుంది. కానీ ఇద్దరి దగ్గరా ఎంటాంగిల్‌మెంట్‌తో పెనవేసుకున్న ఫోటాన్లు ఉండి, చీటీని బట్టి వాటిని వేర్వేరు కోణాల్లో కొలిస్తే, వందకు 85 గెలుస్తారు. జవాబులు ముందే ఖాయమై ఉంటే ఆ పది అదనంగా రావు.

మరి ఒక గది నుంచి ఇంకో గదికి ఏదో వెళ్లినట్టే కదా? ఇక్కడ ఆగి చూడాలి. మొదటి ఆటగాడి జవాబుల పట్టికను విడిగా చూస్తే సున్నాలూ ఒకట్లూ సగం సగం, నాణెం ఎగరేసినట్టే ఉంటాయి. అవతలి గదిలో ఏ చీటీ వచ్చినా, అక్కడ ఎలా కొలిచినా, అసలు కొలవకపోయినా ఈ పట్టికలో రవ్వంత తేడా రాదు. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టినప్పుడే పొత్తు బయటపడుతుంది. పక్కపక్కన పెట్టాలంటే ఒకదాన్ని ఫోన్‌లోనో, రేడియోలోనో, మనిషి చేతనో పంపాలి. అవేవీ కాంతిని మించి వెళ్లవు. ఎంటాంగిల్‌మెంట్ కాంతి వేగాన్ని ఎందుకు దాటదన్న ప్రశ్నకు జవాబంతా ఇదే. ఇది తెలిస్తే పెనవేసుకున్న ఫోటాన్ల మీద వింత తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది.

ఇంకో చిత్రం. 1980లో సోవియట్ గణితవేత్త బోరిస్ సిరెల్సన్ ఈ పొత్తు విలువకు పైహద్దు నిరూపించాడు. ఆటలో అది వందకు 85కు సమానం. 1994లో పోపెస్కూ, రోర్లిచ్ చూపించినదేమిటంటే, కాంతి వేగం హద్దును గౌరవిస్తూనే వందకు వంద గెలిచే లోకాన్ని ఊహించవచ్చు. కబురు దాటకూడదన్న నియమం అందుకు అడ్డురాదు. అయినా ప్రకృతి 85 దగ్గరే ఎందుకు ఆగిందన్నది భౌతికశాస్త్రంలో మంచి ప్రశ్నల్లో ఒకటి.

లక్షమంది ఆడిన ఆట

బెల్ పరీక్షను 1972లో బర్కిలీలో క్లౌజర్, ఫ్రీడ్‌మన్ మొదలుపెట్టారు. 1982లో పారిస్ దగ్గర ఓర్సేలో అలైన్ ఆస్పె ముందుకు తీసుకెళ్లాడు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ ఆవరణలో రెండు వజ్రాలను దాదాపు 1.3 కిలోమీటర్ల దూరంలో పెట్టి, వాటిలోని ఎలక్ట్రాన్ల మధ్య ఎంటాంగిల్‌మెంట్ సాధించారు. ఆ దూరం దాటడానికి కాంతికి 4.27 మైక్రోసెకన్లు కావాలి. అంతకన్నా ముందే రెండు చోట్లా కొలతలు ముగిసేలా చూశారు. ఒకటి రెండోదానికి రహస్యంగా కబురు పంపిందనడానికి ఇక సమయమే లేదు. 220 గంటల ప్రయోగంలో దక్కినవి 245 ఆటలు మాత్రమే. క్వాంటమ్ సిద్ధాంతం గెలవడానికి అవి చాలాయి.

2016 నవంబరు 30న లక్షమందికి పైగా మామూలు జనం ఫోన్లలో, కంప్యూటర్లలో ఒక ఆట ఆడుతూ సున్నాలూ ఒకట్లూ ఇష్టమొచ్చినట్టు నొక్కారు. అలా వచ్చిన 9 కోట్లకు పైగా అంకెలతో ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలు ఆ రోజు బెల్ పరీక్షలో ఏ కోణంలో కొలవాలో నిర్ణయించాయి.

క్లౌజర్, ఆస్పె, జైలింగర్‌లకు 2022 నోబెల్ బహుమతి వచ్చింది. దారి చూపిన బెల్ 1990లోనే కన్నుమూశాడు. ఆ వేదిక మీద ఆయన లేకపోవడం బాధాకరమే.

పదివేల రెట్లు

ఒక ఫోటాన్ నుంచి ఇంకోదానికి నిజంగానే ఏదో ప్రభావం వెళ్తోందనుకుంటే దాని వేగమెంత ఉండాలి? 2008లో జెనీవా శాస్త్రవేత్తలు సాతిన్యీ, జుస్సీ అనే రెండు పల్లెల మధ్య, 18 కిలోమీటర్ల దూరంలో కొలిచి చూశారు. వాళ్లు పెట్టుకున్న ఊహల ప్రకారం ఆ వేగం కాంతికి కనీసం 10,000 రెట్లు ఉండాలని తేలింది. 2012లో వచ్చిన మరో గణిత నిరూపణ ఇంకా గట్టిది. ఆ ప్రభావానికి ఎంత పెద్దదైనా సరే ఒక పరిమిత వేగమంటూ ఉంటే, దాన్ని వాడుకుని కాంతికన్నా వేగంగా కబురు పంపేయవచ్చు. కాబట్టి అసలు ఏదో ప్రయాణిస్తోందనే ఊహనే వదులుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తప్పని తెలిసీ అచ్చువేయమన్న వ్యాసం

ఈ కథ నాకెంతో ఇష్టం. కాలిఫోర్నియా శాస్త్రవేత్త నిక్ హెర్బర్ట్ 1980ల తొలినాళ్లలో కాంతికన్నా వేగంగా కబురు పంపడానికి ఫ్లాష్ అనే పథకం రాశాడు. పెనవేసుకున్న ఫోటాన్ల జతలో ఒకటి నా దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంటాయి. నేను నాదాన్ని రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానితో కొలుస్తాను. నేనెంచుకున్న పద్ధతిని బట్టి మీ ఫోటాన్ ఒక రకం ధ్రువణంలో (కాంతి కంపించే తీరులో) పడుతుంది. కానీ ఒక్క ఫోటాన్‌ని చూసి అది ఏ రకమో మీరు చెప్పలేరు. అందుకని హెర్బర్ట్ ఒక ఉపాయం చెప్పాడు. దాన్ని లేజర్ గొట్టం గుండా పంపి అలాంటివే ఎన్నో నకళ్లు తీయండి. నకళ్లలో కొన్నిటిని ఒక పద్ధతిలో, కొన్నిటిని రెండో పద్ధతిలో కొలిస్తే నేను ఏది ఎంచుకున్నానో తెలిసిపోతుంది. నేను ఏ నక్షత్రం దగ్గరున్నా సరే, తక్షణమే.

హెర్బర్ట్ వ్యాసం అందుకున్న శాస్త్ర పత్రిక దాన్ని పరిశీలనకు పంపింది. పరిశీలకుల్లో ఒకరైన ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఆషెర్ పెరెస్‌కు అది తప్పని తెలుసు. అయినా ఆ తప్పెక్కడుందో వెతికే పనిలో కొత్త సంగతి బయటపడుతుందన్న నమ్మకంతో, అచ్చువేయమని సిఫారసు చేశానని ఆయన ఏళ్ల తర్వాత స్వయంగా రాశారు. ఇంకో పరిశీలకుడు, ఇటలీకి చెందిన జాన్‌కార్లో గిరార్డి, వద్దన్నాడు. తప్పెక్కడుందో తన నివేదికలోనే నిరూపించాడు కూడా. వ్యాసం 1982లో వెలువడింది. అదే ఏడాది అమెరికాలో వూటర్స్, జ్యూరెక్, నెదర్లాండ్స్‌లో డెనిస్ డీక్స్ విడివిడిగా జవాబు ప్రచురించారు: స్థితి ఏమిటో తెలియని ఒక్క ఫోటాన్‌కు మచ్చలేని నకలు తీయడం క్వాంటమ్ నియమాల ప్రకారం అసాధ్యం. లేజర్ గొట్టం నకళ్లతోపాటు తన సొంత ఫోటాన్లనూ కలిపేస్తుంది. ఆ కల్తీ సరిగ్గా కబురును చెరిపేసేంత ఉంటుంది. తర్వాత చూస్తే ఈ నిరూపణను 1970లోనే జేమ్స్ పార్క్ రాసి ఉన్నాడు. హెర్బర్ట్ వ్యాసం వచ్చిన పత్రికలోనే!

తప్పు ఆలోచనే అయినా నిజాయితీగా, స్పష్టంగా రాసిన హెర్బర్ట్‌కు శాస్త్రం రుణపడి ఉంది. నకలు తీయలేమన్న ఈ సూత్రం మీదే క్వాంటమ్ రహస్య సమాచారమంతా నిలబడింది.

బెంగళూరులో మొదలైన విద్య

1960ల చివర్లో అమెరికన్ యువ పరిశోధకుడు స్టీఫెన్ వీస్నర్, ఎవరూ దొంగనోటు తీయలేని కరెన్సీ గురించి ఊహించాడు. నోటులో కొన్ని ఫోటాన్లు బంధించి ఉంటే వాటికి నకలు తీయడం కుదరదు. ఆ వ్యాసం పదేళ్లకు పైగా అచ్చుకు నోచుకోలేదు, 1983లో గాని వెలుగు చూడలేదు. కానీ అతని మిత్రుడు చార్ల్స్ బెనెట్ ఆ ఆలోచనను మరిచిపోలేదు. 1979లో ప్యూర్టోరికోలో సదస్సుకు వెళ్లినప్పుడు, సముద్రంలో ఈదుతున్న జిల్ బ్రసార్ అనే కెనడా శాస్త్రవేత్త దగ్గరికి ఈదుకుంటూ వెళ్లి ఆ నోట్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు వాళ్లిద్దరికీ పరిచయం లేదు.

ఆ స్నేహం నుంచి పుట్టిన పద్ధతిని వాళ్లు లోకానికి చాటింది మన బెంగళూరులో. 1984 డిసెంబరులో అక్కడ జరిగిన అంతర్జాతీయ సదస్సు సంపుటిలో ఆ వ్యాసం ఉంది. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు, ఏడాది కలిపి దాన్ని బీబీ84 అంటారు. ప్రపంచంలో ఏ క్వాంటమ్ కమ్యూనికేషన్ పాఠ్యపుస్తకం తెరిచినా బెంగళూరు పేరు తగులుతుంది. మన దేశంలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉండాలి.

బీబీ84లో పంపేది కబురు కాదు, కబురుకు వేసే తాళం చెవి. పంపేవారు ఒక్కో ఫోటాన్‌ను నాలుగు ధ్రువణాల్లో ఏదో ఒకదానిలో పంపుతారు. అందుకునేవారు రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానితో కొలుస్తారు. తర్వాత ఏ పద్ధతి వాడామో ఫోన్‌లో బహిరంగంగా చెప్పుకుని, పద్ధతులు కలిసిన ఫోటాన్లను మాత్రమే ఉంచుకుంటారు. మధ్యలో దొంగ ప్రతి ఫోటాన్‌నీ పట్టి, కొలిచి, తిరిగి పంపితే, ఉంచుకున్న అంకెల్లో నాలుగో వంతు తప్పులు తేలతాయి. దొంగ నకలు తీసి దాచుకుందామంటే సూత్రం ఒప్పుకోదు. నకలు తీయడం సాధ్యమై ఉంటే హెర్బర్ట్ కాంతిని దాటేవాడు, ఈ దొంగ దొరికేవాడు కాదు. ఒకే సూత్రం రెండు తలుపులనూ మూసింది. ఫోన్‌లో చెప్పుకునే భాగం తప్పనిసరి కాబట్టి తాళం చెవి కూడా కాంతి వేగానికి లోబడే తయారవుతుంది.

1989లో తొలి యంత్రం నడిచింది. ఫోటాన్లు వెళ్లిన దూరం 32.5 సెంటీమీటర్లు. ధ్రువణాన్ని మార్చే పరికరాల విద్యుత్ సరఫరా ఒక్కో అంకెకు ఒక్కో రకంగా చప్పుడు చేసేదని, కాబట్టి తమ రహస్యం చెవిటి దొంగ నుంచి మాత్రమే భద్రమని బ్రసార్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆత్మ మాత్రమే

టెలిపోర్టేషన్ ఊహ 1993లో ఆరుగురు రాసిన వ్యాసంలో వచ్చింది. వాళ్లలో బెనెట్, బ్రసార్, వూటర్స్, పెరెస్ ఉన్నారు. 1997లో ఇన్స్‌బ్రుక్‌లో జైలింగర్ బృందం చేసి చూపింది. ఇందులో పదార్థమేదీ ప్రయాణించదు. ఇక్కడి కణం స్థితి చెరిగి, అక్కడి కణంలో వెలుస్తుంది. ఒక్కో ఫోటాన్‌కు రెండు మామూలు బిట్ల కబురు తప్పక పంపాలి. అది చేరేదాకా అవతలివారి చేతిలో ఉన్నది గందరగోళమే. శరీరంతోపాటు ఆత్మను కూడా టెలిపోర్ట్ చేయవచ్చా అని ఓ విలేకరి అడిగితే, ఆత్మను మాత్రమే చేయగలమని పెరెస్ జవాబిచ్చారట.

మూడు వందల ఏళ్లకు ఒక ఫోటాన్

మంచి ఫైబర్‌లో కూడా ప్రతి 50 కిలోమీటర్లకు పదో వంతు ఫోటాన్లే మిగులుతాయి. సముద్ర గర్భంలోని ఇంటర్నెట్ కేబుళ్లలో ఈ లోటు పూడ్చడానికి దారి పొడవునా యాంప్లిఫయర్లు ఉంటాయి. అవి చేసేది ఫోటాన్లను పెంచడం, అంటే నకలు తీయడం. క్వాంటమ్ స్థితికి అది పనికిరాదు. సెకనుకు వెయ్యి కోట్ల ఫోటాన్లు పంపే యంత్రం పెట్టినా, 1,000 కిలోమీటర్ల ఫైబర్ అవతలికి ఒక్కటి చేరడానికి సగటున 300 ఏళ్లకు పైగా పడుతుంది.

అందుకే చైనా ఆకాశం వైపు చూసింది. గాలి దట్టంగా ఉండేది కింది కొద్ది కిలోమీటర్లే. ఆ పైన శూన్యంలో ఫోటాన్లను మింగేదేమీ ఉండదు. 2016 ఆగస్టు 16న ప్రయోగించిన ఉపగ్రహానికి, కాంతి తిన్నగా నడుస్తుందని చిన్న రంధ్రంతో గమనించిన ప్రాచీన చైనా తత్వవేత్త మోజీ పేరు పెట్టారు. అది సెకనుకు 59 లక్షల జతల ఫోటాన్లు తయారుచేస్తే, 1,203 కిలోమీటర్ల ఎడంలో ఉన్న డెలింగా, లిజియాంగ్ కేంద్రాలు రెండింటికీ అందినవి సెకనుకు సుమారు ఒక జత. వినడానికి తక్కువే, కానీ 300 ఏళ్లతో పోల్చి చూడండి. 2017 సెప్టెంబరు 29న బీజింగ్, వియన్నాల మధ్య జరిగిన వీడియో సంభాషణకు తాళం చెవులు ఇచ్చింది ఈ ఉపగ్రహమే. సంభాషణ మాత్రం మామూలు ఇంటర్నెట్‌లోనే సాగింది.

హైదరాబాద్ ఫైబర్ మీద

2020 డిసెంబరులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో హైదరాబాద్‌లోని తన రెండు ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐల మధ్య క్వాంటమ్ తాళం చెవి పంపకాన్ని చేసి చూపింది. పరిధి 12 కిలోమీటర్లు. బెంగళూరు, ముంబై ప్రయోగశాలలు పరికరాలు తయారుచేశాయి. 2021 మార్చిలో ఇస్రో అహ్మదాబాద్‌లో రెండు భవనాల మధ్య 300 మీటర్ల దూరం గాలిలోనే ఫోటాన్లు పంపింది. సూర్యకాంతి అడ్డు రాకుండా ఆ పని రాత్రిపూట చేశారు. రెండు వైపులా గడియారాలను కలపడానికి మన ఉపగ్రహ దిశానిర్దేశ వ్యవస్థ నావిక్ రిసీవర్లు వాడారు. 2022 ఫిబ్రవరిలో డీఆర్‌డీవో, ఢిల్లీ ఐఐటీ కలిసి ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్ వరకు, అప్పటికే వేసి ఉన్న 100 కిలోమీటర్లకు పైబడిన ఫైబర్ మీద తాళం చెవి పంపకాన్ని సాధించారు.

2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. దేశంలో 2,000 కిలోమీటర్ల ఎడంలో ఉన్న కేంద్రాలను ఉపగ్రహంతో కలపడం దాని లక్ష్యాల్లో ఒకటి. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ పేరుతో 2025లో ప్రకటించినది ప్రధానంగా కంప్యూటింగ్‌కు సంబంధించినది. క్వాంటమ్ కమ్యూనికేషన్‌నూ కంప్యూటింగ్‌నూ కలిపి మాట్లాడటం చాలాసార్లు విన్నాను. పరికరాలు వేరు, ప్రయోజనాలు వేరు.

అరవై నానోసెకన్ల అలజడి

2011 సెప్టెంబరులో ఒపేరా అనే ప్రయోగ బృందం, సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్‌సాసోకు 730 కిలోమీటర్లు వెళ్లిన న్యూట్రినోలు అనే కణాలు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందు చేరాయని ప్రకటించింది. నెలలు గడిచాక కారణం దొరికింది: ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. నిజానికి 1987లో కనిపించిన సూపర్‌నోవా ఈ ఫలితాన్ని ముందే అనుమానించమంది. అక్కడి న్యూట్రినోలు 1,68,000 ఏళ్లు ప్రయాణించి కాంతికన్నా కొద్ది గంటల ముందు చేరాయి, అదీ కాంతి నక్షత్రం నుంచి బయటపడడంలో ఆలస్యం వల్ల. ఒపేరా అంకె నిజమైతే అవి నాలుగేళ్లు ముందు రావాలి. అయినా తమకు నమ్మశక్యం కాని ఫలితాన్ని దాచకుండా అందరి ముందూ పెట్టి, తప్పు వెతకమన్న ఆ బృందాన్ని నేను గౌరవిస్తాను.

గురుత్వ తరంగాలూ ఇదే హద్దులో నడుస్తాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాల ఢీ నుంచి సుమారు 13 కోట్ల ఏళ్ల ప్రయాణం తర్వాత గురుత్వ తరంగం, గామా కిరణాలు 1.7 సెకన్ల తేడాతో భూమిని చేరాయి.

వ్యాపారానికీ ఇదే హద్దు. షికాగో, న్యూయార్క్ స్టాక్ మార్కెట్ల మధ్య 2010లో కొండలు తొలిచి మరీ తిన్నగా 1,300 కిలోమీటర్లకు పైగా ఫైబర్ వేశారు. రానూపోనూ సుమారు 13 మిల్లీసెకన్లు. కొద్ది ఏళ్లకే మైక్రోవేవ్ టవర్లు వచ్చి దాన్ని 9 మిల్లీసెకన్ల లోపుకు తెచ్చాయి. మిల్లీసెకనుకు అంత డబ్బు పోసే ఆ వ్యాపారంలో కూడా ఎంటాంగిల్‌మెంట్‌తో ధరలు పంపుకునేవాళ్లు లేరు, ఉండబోరు.

ఇంట్లో చేసి చూడండి

సైన్స్ పరికరాల దుకాణంలో మూడు పోలరాయిడ్ ముక్కలు కొనండి. రెండింటిని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా పెడితే వెలుగు పూర్తిగా ఆగిపోతుంది. ఇప్పుడు మూడోదాన్ని ఆ రెంటి మధ్యలో 45 డిగ్రీల కోణంలో దూర్చండి. అడ్డు ఇంకొకటి పెంచినా వెలుగు మళ్లీ వస్తుంది: మొదటి ముక్క దాటినదానిలో నాలుగో వంతు. మధ్య ముక్క వెలుగును ఆపడంతోపాటు దాని ధ్రువణాన్నే మార్చేసింది. బీబీ84లో దొంగను పట్టించేది సరిగ్గా ఇదే. హైస్కూలు, ఇంటర్ ఫిజిక్స్ చెప్పే మాస్టార్లు ఈ ఏడాది ఒక్క పీరియడ్ దీనికి కేటాయించి, ముక్కలు పిల్లల చేతికే ఇవ్వండి.